పంచదార నీళ్ళు రుచించని ఎలుక

మా బ్లాకులో ఉండే స్నేహితురాలి తల్లిగారు మనవణ్ణి చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చారు. మొన్న వెళ్ళినప్పుడు "కాఫీ కూడా చప్పగా ఉంటోందమ్మా" అన్నారు. "ఏం లోటు పిన్నిగారూ?" అంటే, "లోటేముంది, అన్నీ ఉన్నాయి" అన్నారు. దిగులు జబ్బని డాక్టరుగారు మాత్రలు రాశారట. పదిరోజులు మింగి, గుణం కనపడలేదని మానేశారు. వింటుంటే నాకు ఎలుకలు జ్ఞాపకం వచ్చాయి. పెద్దావిడను ఎలుకతో పోలుస్తున్నానని కోప్పడకండి, కాస్త ఓపికపట్టండి.

"మనసు బాగాలేదా?" అని ఎలుకను అడగలేం. అందుకని 1977లో పోర్‌సోల్ట్, ఆయన తోటివారు ఒక ఉపాయం ప్రకటించారు. పైకెక్కడానికి వీల్లేని నీళ్ళ పాత్రలో ఎలుకను వదిలితే కాసేపు ఈది, ఆ తరువాత ముక్కు మాత్రం పైకి పెట్టి కదలకుండా తేలుతుంది. దిగులు మందు ఇచ్చిన ఎలుక మర్నాటి పరీక్షలో ఎక్కువసేపు ఈదుతుంది. మందులు పరీక్షించడానికి ఇది చౌక, త్వరితం. కానీ మనుషులకు వారాలు పట్టే మందు ఇక్కడ ఒక్కరోజులోనే పనిచేసినట్టు కనబడుతుంది! పైగా, తేలుతున్న ఎలుక ఆశ వదులుకుందో, ఓపిక దాచుకుంటోందో ఎవరు చెప్పగలరు? ఈత రాని నాకైతే అది తెలివైన ఎలుకే అనిపిస్తుంది.

1987లో పాల్ విల్నర్ బృందం ప్రకటించిన పద్ధతి వేరు. అక్కడ పెద్ద దెబ్బలేమీ లేవు, అన్నీ చికాకులే. ఒకరోజు పెట్టెను ఏటవాలుగా పెడతారు, ఒకరోజు కిందపరచిన పొట్టు తడుపుతారు, ఒకరాత్రి దీపం ఆర్పరు, ఇంకోరోజు కొత్త ఎలుకను జత చేస్తారు, కొన్ని గంటలు తిండో నీళ్ళో ఆపుతారు. ఏది ఎప్పుడొస్తుందో దానికి తెలియదు. ఇలా వారాల తరబడి. (పాసు రెన్యూవలు, ఇంటివాడి నోటీసు, పిల్లల పరీక్షలు... మన ఇళ్ళలో మాత్రం ఏం తక్కువ?) మామూలు ఎలుక ముందు ఉత్తనీళ్ళూ పంచదార నీళ్ళూ పెడితే తీపికే ఎగబడుతుంది. వీటికి ఆ ఇష్టం తగ్గిపోయింది. దిగులు మందు ఇస్తే ఇష్టం తిరిగివచ్చింది గాని, రెండు నుంచి నాలుగు వారాలు పట్టింది. అన్ని ప్రయోగశాలల్లోనూ ఇదే ఫలితం రాలేదన్నది కూడా నిజమే.

బెంగుళూరు శాస్త్రజ్ఞులు 2002లో ఎలుకల మెదడులోకే చూశారు. రోజుకు రెండుగంటల చొప్పున పదిరోజులు కదలనివ్వకుండా ఉంచితే, జ్ఞాపకానికి సంబంధించిన భాగంలో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయానికి సంబంధించిన భాగంలో మాత్రం పెరిగాయి. ఎలుకకు మనలాగే దిగులు ఉందని దీనివల్ల రుజువు కాదు. "మనసు గట్టి చేసుకో" అని సలహా చెప్పేవారు మాత్రం ఈ సంగతి తెలుసుకోవాలి.

సింగపూరులో 2016లో జరిపిన సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడినవారు సుమారు పదహారుమందికి ఒకరని తేలింది. మన సభలకు వచ్చేవారిని లెక్కపెట్టి చూసుకోండి.

పిన్నిగారికి ఇదంతా చెప్పాను. "ఎలుకకే నాలుగు వారాలా!" అని నవ్వారు. శనివారం మళ్ళీ డాక్టరుగారి దగ్గరకు తీసుకువెడుతున్నాం.