సాకెట్టు ఏ దారిన పోవును?

విజయనగరము జంక్షనునుండి రైలుమార్గములు మూడువైపులకు చీలును. ఒకటి విశాఖపట్టణమునకు, ఒకటి చీపురుపల్లి, ఆమదాలవలసలమీదుగా పలాసకు, మరియొకటి బొబ్బిలి, పార్వతీపురములమీదుగా రాయగడకు. ఈ ఊరిలో డబ్బాలో వేసిన ఉత్తరముపై పంపినవారి చిరునామా విజయనగరమనియే యుండును. అంతమాత్రమున అది ఏ బండి నెక్కునో తేలదు; చేరవలసిన ఊరే దానిని నిర్ణయించును. రెండు నెట్‌వర్కులతో కలిపిన కంప్యూటరులోను జరుగునది ఇంతియే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చినది. కరెంటు, ఫోను స్తంభించిపోయినవి. అట్టి తీరమున ఒక కార్యాలయమువారు తీగదారికి తోడుగా మొబైలు దారిని కూడ ఉంచుకొనిరనుకొందము. రెండవదారిని దినదినము పరీక్షించుటకు 'సి' భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసినారు. అది ప్రతిదినము 'క్షేమము' అనుచున్నది. కాని పాకెట్టులన్నియు తీగదారినే పోవుచున్నచో ఆ క్షేమవార్త ఎవరిది?

'బైండ్' అను పిలుపుతో సాకెట్టునకు మొబైలు చిరునామా నిచ్చిన చాలునని పలువురు తలంతురు. చాలదు. బైండ్ ఇచ్చునది పంపినవారి చిరునామా, పోర్టు సంఖ్య మాత్రమే. మూలచిరునామానుబట్టి త్రోవ నేర్పరచు ప్రత్యేక నియమములు లేనిచో, లినక్సు గమ్యమును చూచియే రూటింగు పట్టికను తిరగవేయును. కావున పాకెట్టు మొబైలు చిరునామాను ధరించి తీగదారినే బయలుదేరవచ్చును. దానికి ప్రత్యుత్తరము రాకపోయినచో, నిక్షేపముగానున్న దారిని చెడినదని ప్రోగ్రాము చాటును! ఇది మొదటి పొరపాటుకంటె విచిత్రమైనది.

దారినే కట్టవలెనన్నచో లినక్సున 'సెట్‌సాక్‌ఆప్ట్' అను పిలుపున్నది. సాకెట్టు సంఖ్య, 'సోల్_సాకెట్', 'ఎస్‌ఓ_బైండ్‌టుడివైస్', ఇంటర్‌ఫేసు పేరు, ఆ పేరు పొడవు — ఈ అయిదింటిని దానికి వరుసగా అందింపవలెను. 'కనెక్ట్' అనుటకు ముందే ఈ పని జరుగవలెను. చివరి సున్న అక్షరముతో కలిపి పేరు 16 అక్షరములు మించరాదు. ఫలితము -1 అయినచో ప్రోగ్రాము అచ్చటనే ఆగి చెప్పవలెను. మౌనముగా ముందుకు సాగినచో మరల పాతకథయే. పూర్వము దీనికి ప్రత్యేకాధికారము కావలసియుండెను. 2020లో వచ్చిన 5.7 కెర్నెలునుండి, అదివరకు ఏ ఇంటర్‌ఫేసునకును కట్టబడని సాకెట్టును సామాన్య ప్రోగ్రాముకూడ కట్టవచ్చును.

ఇంకొక చిక్కు కలదు. మొబైలు ఇంటర్‌ఫేసునకు గేట్‌వే చూపు త్రోవ పట్టికలో ఉండవలెను. తీగదారికంటె తక్కువ ప్రాధాన్యముతో నున్నను సరియే. ఆ త్రోవ లేనిచో కెర్నెలు దూరపు గమ్యమును పొరుగింటనే యున్నదని భావించి, అచ్చటనే వెదకి విఫలమగును. ఇక తీగను ఊడదీసి చేసిన పరీక్షను మేము నమ్మము: అప్పుడు కట్టని సాకెట్టుకూడ మొబైలు దారినే పట్టును. తీగ యుండగనే, 'టీసీపీడంప్'తో రెండు ఇంటర్‌ఫేసులను ఒకేసారి గమనించి, పాకెట్టు ఎటు దాటినదో కంటితో చూడవలెను.