అద్దె ఇంట్లో చెమ్మ గోడలు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. అద్దె ఇంట్లో ఒక వానాకాలం గడిపి చూడు అని కూడా అనవలసింది! ఎండాకాలంలో తెల్లగా సున్నం వేసి చూపించిన గది, శ్రావణమాసం వచ్చేసరికి మూలమూలనా నల్లమచ్చలు వేస్తుంది. బీరువాలో పట్టుచీరలు ముక్కవాసన, తోలు చెప్పులమీద తెల్లటి బూజు, పసివాడికి రాత్రిళ్ళు దగ్గు. ఇంటివారితో చెబితే "మీరు కిటికీలు తియ్యరమ్మా, అందుకే" అంటారు. మనమేమో "మీ గోడలే మంచివి కావు" అంటాం. ఎవరి మాట నిజం? ఆ సంగతి గోడనే అడిగి తెలుసుకోవచ్చు.

బూజు తాలూకు బీజాలు కంటికి కనపడనంత సన్నగా ఎప్పుడూ గాలిలో వుంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. కాని చెమ్మ లేనిదే అవి మొలవవు. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతే బూజు పట్టదు. కాబట్టి మన పోరాటం చెమ్మతోనే.

ముందు మచ్చ ఎక్కడుందో చూడండి. పైకప్పుమీద, వాన పడ్డ మర్నాడు పెరిగే మచ్చ అయితే డాబా పగిలిందన్నమాట. వానతో పనిలేకుండా స్నానాలగది గోడకు అవతలివైపు తడి కనిపిస్తే లోపల గొట్టం కారుతూ వుండవచ్చు. నేల దగ్గర మొదలై, సుమారు మూడడుగుల ఎత్తువరకు ఉప్పు పొంగి, సున్నం పొరలుగా రాలుతుంటే, గోడ నేలలోని నీటిని పీల్చుకుంటోందని అర్థం. ఇక బీరువా వెనకా, గాలి ఆడని మూలల్లోనూ వచ్చే మచ్చలు చాలామటుకు మన ఇంట్లో పుట్టిన ఆవిరివే. వంట ఆవిరి, స్నానాల వేడినీళ్ళు, గదిలో ఆరేసిన తడిబట్టలు!

ఇంకా అనుమానంగా వుంటే ఇలా చేయండి. రాలే సున్నం తుడిచేసి, జానెడు పాలిథీన్ కాగితాన్ని గోడమీద పరచి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులయ్యాక చూడండి. కాగితానికి గోడవైపు నీటిబొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు వుంటే అది మన గదిలో గాలిదే.

గాలిదైతే ఉపాయం మన చేతిలోనే వుంది. బీరువాను గోడకు బెత్తెడు దూరం జరపండి. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి వుంచండి. ముసురు రోజుల్లో బట్టలు లోపల ఆరేయక తప్పకపోతే ఆ గది కిటికీ తీసి, ఫాను వేసి, పడకగది తలుపు మూసెయ్యండి. కలరా ఉండలు పురుగులను ఆపుతాయే గాని, చెమ్మను పీల్చవు.

పట్టిన బూజును పొడిచీపురుతో దులపకండి, అదంతా గాలిలోకి లేస్తుంది. పిల్లలనూ, ఉబ్బసం వున్నవారినీ అవతలికి పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కిటికీలు తీసి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్లీచింగు వాడితే అందులో బాత్రూము కడిగే యాసిడ్ ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

డాబా పగులు, గొట్టం, నేల చెమ్మ మాత్రం ఇంటివారు చూడవలసినవి. తడిగోడకు సున్నం కొట్టిస్తే మచ్చకు ముసుగు వేసినట్టే. తగువు పెట్టుకోకండి. మచ్చ అంచున పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫొటో తీసి వుంచండి. "పిన్నిగారూ, ఒక్కసారి వచ్చి చూడండి, వారంలో ఇంత పాకింది" అని చూపిస్తే కాదనడం కష్టం. ఆ తర్వాత కాగితంమీద రాసి ఇవ్వండి. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, ఇంటివారు తాము చేయించవలసిన మరమ్మతును తెలియజేశాక కూడా తగిన వ్యవధిలో చేయించనప్పుడు, అద్దెకున్నవారు చేయించుకుని ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. రాసి ఇవ్వకుండా అద్దె కోస్తే మాత్రం చిక్కు మనకే.

కొత్త ఇంట్లో చేరేరోజునే పాత మచ్చలు ఇంటివారికి చూపించి రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడదు.

గోడ ఇంటివారిదే కావచ్చు. ఆ గోడవారన పడుకునే పిల్లలు మనవాళ్ళు కదా!