కంచంలో తిరగని వెలుగు

కొత్త స్టీలు కంచం బోర్లించి బల్బు కింద పెట్టండి. అడుగున నడిమధ్య నుంచి రెండు వైపులా విసనకర్రల్లా విచ్చుకున్న తెల్లని వెలుగు కనిపిస్తుంది. "సార్, కంచం తిప్పుతున్నా ఆ వెలుగు తిరగదేం?" అని ఎనిమిదో తరగతి పిల్లాడొకడు నన్నడిగాడు. నిజమే. కంచాన్ని గిర్రున తిప్పినా అది కదలదు. మనం పక్కకి జరిగితే మాత్రం మనతోపాటే జరుగుతుంది.

కార్ల మీద, మోటారు సైకిళ్ల ట్యాంకుల మీద గ్రైండర్‌తో గీసే బొమ్మల గుట్టంతా ఇదే. పాత పెయింటు గీకేసి, ఉక్కునో అల్యూమినియాన్నో బయటపెట్టి, గ్రైండర్ బిళ్లతో వంపులు వంపులుగా గీస్తారు. పైన క్లియర్ కోటు కొడతారు. రంగు చుక్కైనా లేకుండానే మంటలు లేస్తాయి, నీళ్లు సుళ్లు తిరుగుతాయి.

ఒక్క గీతను భూతద్దంలో చూస్తే అదో చిన్న కాలువ. దాని గోడలు వంపు అద్దాలు. పొడవునా తిన్నగా ఉంటాయి కనుక ఆ దిక్కున కాంతి చెదరదు, అడ్డంగా మాత్రం విసిరిన వలలా పరుచుకుంటుంది. ఆ పరుచుకున్న కాంతి దారిలో కన్ను ఉంటే మెరుపు, లేకుంటే నలుపు. పక్కపక్కన రెండు గీతల గుంపులు వేరువేరు దిక్కులకు తిరిగి ఉంటే, ఒకటి వెలిగేసరికి రెండోది ఆరిపోతుంది. బండి కదిలితే వెలుగునీడలు చోట్లు మార్చుకుంటాయి. రేకు చదునే, కన్ను మాత్రం అక్కడ లోతుందని నమ్మేస్తుంది. కంచంలో గీతలు గుండ్రంగా ఉంటాయి. ఎంత తిప్పినా ప్రతి చోటికీ అదే దిక్కు గీత వస్తుంది. వెలుగు ఇంకెక్కడికి తిరుగుతుంది?

1924 నాటి బుగాటీ టైప్ 35 డాష్‌బోర్డు మీద, 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం ముక్కు మీద ఇలాంటి సుడులే వరుసగా ఉన్నాయి. ఆ విమానం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

క్లియర్ కోటు గాజులాంటిది, వక్రీభవన గుణకం దాదాపు 1.5. లోపలి నుంచి సుమారు 42 డిగ్రీలకు మించి ఒరిగి వచ్చిన కాంతి బయటపడలేక మళ్లీ లోహం మీదికే పోతుంది. క్లియర్‌లో పారదర్శకమైన రంగు కలిపితే ఆ కాంతి రంగులో రెండోసారి మునిగి లేస్తుంది. ఎరుపు అంత చిక్కగా కనపడటానికి అదీ ఒక కారణం.

కష్టమంతా అంటుకోవడంలో ఉంది. మామూలు పెయింటింగులో రంగు పొర కింది అతుకును ఎండ నుంచి కాస్తుంది. ఇక్కడ ఆ అడ్డు లేదు, అతినీలలోహిత కిరణాలు నేరుగా అతుకు దాకా దిగుతాయి. చిన్న రాయి తగిలి పూత లేచిందా, అక్కడి నుంచి తుప్పు పురుగు దారుల్లా లోపలికి పాకుతుంది.

నా పాత స్కూటర్ రేకు మీద వారం రోజులు శ్రద్ధగా నెమలి పింఛం గీశాను. క్లియర్ కొట్టే ముందు థిన్నర్‌తో తుడిచాను, తర్వాత ఒక్కసారి పట్టి సర్దాను. వానాకాలం దాటేసరికి, పింఛం అంచున, పూత కిందే, గోధుమ రంగులో నా బొటనవేలి ముద్ర. ప్రతి గీతా స్పష్టంగా ఉంది.