కారం, ఆవఘాటు, చలి: నాడులు గుర్తుపట్టే తీరు

ఎండుమిరపకాయ కొరికినప్పుడు నాలుక నిజంగా కాలదు. అయినా కాలినట్టే అనిపించడానికి కారణం, మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థాన్నీ, ఒంటికి హాని చేయగల వేడినీ క్షీరదాల నాడీకణాలు ఒకే ప్రోటీన్‌తో గుర్తించడమే. నాడీకణాన్ని చుట్టి ఉన్న కొవ్వుపొర గుండా సోడియం, కాల్షియం వంటి విద్యుదావేశం గల కణాలు, అంటే అయాన్లు, తమంతట తాము దూరలేవు కనుక, ఆ పొరలో ఇమిడి ఉండి, తగిన ప్రేరణ తగిలినప్పుడు వాటికి దారి విడిచే ప్రోటీన్లు ఉంటాయి. వీటినే అయాన్ చానెళ్లు అంటారు. చానెల్ తెరుచుకుని అయాన్లు లోపలికి రాగానే పుట్టే విద్యుత్ సంకేతం నాడి వెంట మెదడుకు చేరుతుంది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో క్యాప్సైసిన్‌ను గుర్తించే ఆ చానెల్ ప్రోటీన్ జన్యువును పట్టుకుంది. ఇంద్రియ నాడీకణాల్లో పనిచేసే జన్యువులను, క్యాప్సైసిన్‌కు సహజంగా స్పందించని కణాల్లోకి గుంపులుగా చొప్పించి, ఏ గుంపు వల్ల కణాల్లో కాల్షియం పెరుగుతోందో చూస్తూ, చివరికి ఒక్క జన్యువు మిగిలేదాకా ఆ బృందం వడపోసింది. టీఆర్‌పీవీ1 అని తరువాత పేరు పెట్టిన ఆ చానెల్, క్యాప్సైసిన్ లేకపోయినా, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తనంతట తానే తెరుచుకుంటుందని తేలడం ఇంద్రియ విజ్ఞానాన్ని మలుపు తిప్పిన ఫలితం. దెబ్బ తగిలి వాచిన కణజాలంలో ఆమ్లత పెరిగితే ఈ చానెల్ మరింత తక్కువ వేడికే తెరుచుకుంటుంది కాబట్టి, మామూలు చర్మానికి హాయిగా ఉండే గోరువెచ్చని నీళ్లు కూడా అక్కడ మండిస్తాయి.

క్యాప్సైసిన్ కొవ్వులో కరిగే పదార్థం. అది కణం పొరలోకి చొచ్చుకుపోయి, చానెల్‌లో తనకు సరిపడే చిన్న సందులో కుదురుకుంటుంది. పక్షుల టీఆర్‌పీవీ1లో ఆ చోట అమరిక వేరుగా ఉండడం వల్ల, అవి వేడిని గుర్తించినా కారాన్ని గుర్తించవు. విత్తనాలను నమిలి నాశనం చేసే క్షీరదాలను మిరప మొక్క దూరంగా ఉంచి, ఆ విత్తనాలను చెడకుండా దూరదూరాలకు చేర్చే పక్షులను మాత్రం అడ్డుకోకపోవడం దీనివల్లే సాధ్యమైంది.

చల్లదనానికి మరో చానెల్ ఉంది. తలనొప్పి బామ్‌లలో వాడే మెంథాల్‌కూ, సుమారు 26 డిగ్రీలకు దిగువన ఉండే చల్లదనానికీ తెరుచుకునే టీఆర్‌పీఎం8ను 2002లో జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు విడివిడిగా కనుగొన్నాయి.

ఆవాల సంగతి వీటన్నిటికంటే విశేషమైనది. ఆవగింజను నలిపి తడిపినప్పుడు, అంతవరకు గింజలో వేర్వేరు చోట్ల ఉన్న ఎంజైమూ, సినిగ్రిన్ అనే పదార్థమూ కలిసి, నషాళానికి అంటే ఘాటునిచ్చే పదార్థాన్ని పుట్టిస్తాయి. ఈ ఘాటును గుర్తించే టీఆర్‌పీఏ1 చానెల్‌లో, క్యాప్సైసిన్ మాదిరిగా సందులో కుదురుకునే పద్ధతి ఉండదు. ఘాటు అణువు చానెల్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో రసాయన బంధమే ఏర్పరచుకుంటుంది. అందువల్ల ఆకారంలో పోలిక లేకపోయినా అలా బంధించగల పదార్థాలెన్నో, పచ్చి వెల్లుల్లి ఘాటూ, పొగలోని అక్రోలీనూ, బాష్పవాయువూ సహా, ఇదే చానెల్‌ను తెరుస్తాయి. ఆవకాయ ముద్దలో మిరపకారం ఒక చానెల్‌నూ, ఆవపిండి మరో చానెల్‌నూ ఏకకాలంలో తెరవడం వల్లే ఆ రుచి అంత ప్రత్యేకం.

ప్రమాదకరమైన వేడి విషయంలో శరీరం ఒక్క చానెల్‌నే నమ్ముకోలేదు. టీఆర్‌పీవీ1, టీఆర్‌పీఏ1, టీఆర్‌పీఎం3 మూడూ లేని ఎలుకలు మాత్రమే వేడిపలక మీద నుంచి వెంటనే కాలు తీయలేకపోయాయని, ఏ ఒక్కటి మిగిలినా తీయగలిగాయని 2018లో వెల్లడైంది. మనుగడకు అంత కీలకమైన పనికి ఇలాంటి మూడంచెల భద్రత ఉండడం సహజమే.

జూలియస్, పటపూటియన్‌లకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ చానెళ్ల గురించి తెలిసినదాన్ని వైద్యంలో వాడుకోవాలని, నొప్పి తగ్గించేందుకు టీఆర్‌పీవీ1ను మూసివేసే మందులను ప్రయత్నించినప్పుడు కొందరిలో శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరిగింది. దీన్నిబట్టి ఈ చానెల్‌కు ఒంటివేడి నియంత్రణలోనూ పాత్ర ఉందని తెలిసింది. దానికి భిన్నంగా, చానెల్‌ను విపరీతంగా తెరిచి నాడి కొసలను కొంతకాలం పనిచేయకుండా చేసే 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ, సర్పి తగ్గిన తరువాత కూడా వేధించే నాడుల నొప్పికి ఇప్పుడు వైద్యుల పర్యవేక్షణలో వాడుకలో ఉంది.