గుర్రాలను చంపినదెవరు?

పిల్లలూ, ఇంట్లో బియ్యం ముక్కిపోతే మీ అమ్మ ఏం చేస్తుంది? గుప్పెడు తీసి వాసన చూస్తుంది. పనికిరావనుకుంటే అవతల పారబోస్తుంది. కూర పాడైతే మీరే మొహం చిట్లించి కంచం పక్కకు తోస్తారు. కాని సాలలో కట్టేసిన గుర్రం సంగతి వేరు. ఆకలి వేసినప్పుడు ముందున్న గడ్డే దానికి దిక్కు. అందుచేత ఆ గడ్డి మంచిదో చెడ్డదో చూడవలసిన బాధ్యత గుర్రాన్ని కట్టేసిన మనిషిది.

డబ్బిచ్చి కొన్న గడ్డిమోపు విప్పగానే గుప్పున ముక్కవాసన కొట్టిందనుకోండి. పారేద్దామంటే డబ్బు దండగ. వేద్దామంటే భయం. అమ్మినవాడి మీద పట్టరాని కోపం. అప్పుడు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను.

ఉక్రెయిన్ దేశం గోధుమ పంటకు పేరుపొందినది. 1930 తరవాతి రోజులలో అది సోవియట్ యూనియన్‌లో ఒక భాగంగా ఉండేది. అక్కడి పల్లెలలో దున్నటానికీ, బళ్ళు లాగటానికీ గుర్రాలే పెద్ద ఆధారం. 1931 ప్రాంతంలో ఆ గుర్రాలకు ఒక వింత జబ్బు పట్టుకున్నది. మొదట పెదవులు వాచి, నోటి చివరలు పగిలేవి. నోట్లో పుళ్ళు పడేవి. కొన్నాళ్ళకు జబ్బు తగ్గినట్టే కనిపించేది. అంతలో రక్తం చెడి, గడ్డకట్టే శక్తి పోయేది. జ్వరం వచ్చి గుర్రం చచ్చిపోయేది. ఇలా వేలకొద్దీ గుర్రాలు చచ్చాయి. అదేం జబ్బో ఎవరికీ అంతుపట్టక దానికి ‘సామూహిక వ్యాధి’ అని పేరు పెట్టారు.

కారణం తెలియనప్పుడు మనుషులకు అనుమానం పుడుతుంది. 1938లో ఉక్రెయిన్‌కు నాయకుడుగా వచ్చిన కృశ్చేవ్ ఈ సంగతి తన జ్ఞాపకాలలో రాశాడు. ఎవరో శత్రువులు గుర్రాలకు విషం పెడుతున్నారని అధికారులు అనుమానించారట. ఎందరినో పట్టి బంధించారట. గుర్రాలను బతికించవలసిన పశువైద్యులకు కూడా ఆ బాధ తప్పలేదట! ఇక నోరెత్తి నిజం చెప్పటానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

కృశ్చేవ్ శాస్త్రవేత్తలకు ధైర్యం చెప్పి, మళ్ళీ పరిశోధన చేయించాడు. ద్రోబోత్కో అనే సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడూ, మరికొందరూ గుర్రాలు తినే గోధుమగడ్డిని పరీక్షించారు. దాని మీద మసి పూసినట్టు నల్లటి బూజు ఉన్నది. ఆ బూజును వేరుచేసి పెంచి గుర్రాలకు పెట్టి చూస్తే, అదే జబ్బు వచ్చింది. ఆ గడ్డిని మోసిన మనుషులకు సైతం ఒంటిమీద దద్దుర్లు లేచేవి!

అంటే గుర్రాలను చంపినది ఏ మనిషీ కాదు. తడిసిన గడ్డి మీద పెరిగిన బూజు! దాని పేరు స్టాకీబోట్రిస్. గ్రీకు భాషలో ‘స్టాకిస్’ అంటే వెన్ను, ‘బోట్రిస్’ అంటే ద్రాక్షగుత్తి. భూతద్దాల యంత్రంలో చూస్తే దాని బీజాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. విషం దాని లోపల తయారవుతుంది. మందు తెలిసిపోయింది: గడ్డిని తడవకుండా దాచటం, బూజు పట్టినదాన్ని వెయ్యకపోవటం! ఇంత చిన్న సంగతి తెలియకముందే ఎన్ని గుర్రాలు చచ్చాయో, ఎందరు నిరపరాధులు కష్టాల పాలయారో చూడండి.

బూజు ఎలా వస్తుంది? కోసిన గడ్డిలో చాలా నీరుంటుంది. దాన్ని బాగా ఎండబెట్టి, తేమ నూటికి 15 పాళ్ళకు దిగిన తరవాత మోపు కట్టాలి. 20 పాళ్ళు దాటి ఉండగా కడితే, లోపల సూక్ష్మజీవులు పెరిగి గడ్డిని వేడెక్కిస్తాయి. ఒక్కొక్కప్పుడు వామి లోపలినుంచి దానంతట అదే అంటుకుంటుంది కూడా! బ్రిటన్ వంటి వానలు ఎక్కువైన దేశాలలో, సగం ఎండిన గడ్డిని గాలి చొరకుండా ప్లాస్టిక్ పొరలతో చుట్టి పులవనిస్తారు. ఆ పొరకు చిన్న చిల్లి పడితే చాలు, గాలి దూరి బూజు పడుతుంది. మోపులో చచ్చిన ఎలుక గాని, మరే జంతువు గాని చిక్కుకుంటే మరీ ప్రమాదం. గాలి లేనిచోట పెరిగే ఒక సూక్ష్మజీవి అందులో ఘోరమైన విషం తయారుచేస్తుంది. అది తిన్న గుర్రం మింగలేదు, నిలబడలేదు.

కుక్కకు పడని తిండి కక్కేస్తుంది. గుర్రం కక్కలేదు! దాని అన్నకోశం ద్వారం లోపలికే తెరుచుకుంటుంది, వెనక్కు రానివ్వదు. లోపలికి పోయిన మేత సుమారు 30 మీటర్ల పేగులగుండా పోయి తీరవలసిందే. అందుకే గుర్రానికి చెడ్డమేత అంత ప్రమాదం.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం.

మొట్టమొదట, ఆ గడ్డి వెయ్యటం మానండి. “మంచిగడ్డిలో కాస్త కలిపి వేస్తే పోలేదా?” అని ఎవరైనా అంటే వినకండి. ఎండబెట్టి దులిపితే దుమ్ము కొంత పోవచ్చు గాని, విషం పోదు. పైగా ఆ దుమ్ము మీ ఊపిరితిత్తులకూ, గుర్రం ఊపిరితిత్తులకూ చేటు. వాసన చూడటానికి మోపులో ముక్కు పెట్టకండి; చెడినట్టు దూరానికే తెలుస్తుంది. గుర్రం అప్పటికే కొంత తిని ఉంటే పశువైద్యుడికి కబురు చెయ్యాలి. మేత ముట్టకపోయినా, చొంగ కార్చినా, దగ్గినా, పొర్లినా ఆలస్యం చెయ్యకూడదు.

తరవాత కారణం వెతకండి. ఒక్క మోపే చెడిందా, అన్నీ చెడ్డాయా? వచ్చినరోజే మోపు నడిమధ్య నల్లబడి ఉంటే, తడిగా ఉండగానే కట్టారన్నమాట. నేలకు ఆనినవైపు మాత్రమే బూజు పట్టినా, కప్పు కారేచోట మాత్రమే తడిసినా, తప్పు మన సాలదే. అలాంటప్పుడు వర్తకుణ్ణి తిట్టి ప్రయోజనమేమిటి? మోపుల కింద కర్రలు పరిచి, కప్పు బాగుచేయించాలి.

తప్పు అటువైపే ఉన్నదని తోస్తే, చెడిన గడ్డి కొంచెం కాగితం సంచీలో దాచి, రసీదు తీసిపెట్టి, ఆ రోజే మీ నాన్నగారి చేత వర్తకుడికి కబురు పంపించండి. “మోసగాడివి!” అంటే ఆయన తలుపు వేసుకుంటాడు. “అయ్యా, మీరు సోమవారం పంపిన మోపులలో మూడింటి నడుమ నల్లబూజు ఉన్నది. ఒకసారి వచ్చి చూడండి,” అంటే ఆయనే వచ్చి చూస్తాడు. మంచి వర్తకుడైతే వాటిని మార్చి ఇస్తాడు. అంతకన్నా ముఖ్యం, అదే గడ్డి కొన్న మరి పదిమందికి చెబుతాడు. మీరు నోరు మూసుకుంటే వాళ్ళ గుర్రాలు తింటాయి!

చివరకు, “గుర్రానికి కాకపోతే గేదెకు వేద్దాం” అనుకోకండి. మన దేశంలో బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. చెవులూ, తోకా, కాళ్ళూ కుళ్ళిపోతాయి. సాలలో పక్కగా పరచటం కూడా తప్పే. పశువులు చేరనిచోట పారేయించండి.

ఒక మోపు ఖరీదు మళ్ళీ సంపాదించుకోవచ్చు. పోయిన గుర్రం తిరిగి రాదు. చెయ్యని నేరానికి మాటపడిన మనిషి మనసూ అంత తేలికగా కుదుటపడదు. అందుచేత మేత విషయంలో అనుమానం కలిగితే వెంటనే ఆపండి; మనిషి మీద అనుమానం కలిగితే కాస్త ఆగండి!