పటాలానికి వెళ్లిన తాత

రేనాటి పల్లెల్లో తాత పేరు మనుమనికి పెట్టడం తరతరాల ఆచారం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఓబులేసు, మద్దిలేటి, మహానంది, దస్తగిరి వంటి పేర్లు ఒకే ఇంట ఒక తరం విడిచి మరొక తరంలో వినిపించడానికి కారణం ఇదే. పేరుతోపాటు తాత సాగుచేసిన పొలం, తవ్వించిన బావి, ఇచ్చి నిలబెట్టుకున్న మాట కూడా మనుమల దాకా వస్తాయి. కాని కొన్ని ఇళ్లలో పేరు తప్ప మరేమీ మిగలలేదు. "మీ తాత పటాలంలో చేరి యుద్ధానికి పోయినాడు" అన్న ఒక్క వాక్యంతో ఆ కథ ఆగిపోతుంది. ఏ యుద్ధం, ఏ దళం, ఏ దేశం, తిరిగి వచ్చాడా లేదా అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారు గతించారు. అటువంటి తాత జాడ తెలుసుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఏ దారిన వెళ్లాలి?

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో (1914-18) పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. వారిలో సుమారు 74,000 మంది మరణించారు. రెండవ ప్రపంచ యుద్ధం (1939-45) ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. ఈసారి మరణించినవారు సుమారు 87,000 మంది. అందరూ తుపాకి పట్టినవారు కారు. రోడ్లు వేసినవారు, వంతెనలు కట్టినవారు, లారీలు నడిపినవారు, వంటలు చేసినవారు, క్షతగాత్రులను మోసినవారు వీరిలో ఎందరో ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన మద్రాసు సాపర్లు మొదటి యుద్ధంలో మెసొపొటేమియాలోను, రెండవ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా రంగాల్లోను పనిచేశారు. మొదటి యుద్ధం తరువాత రద్దయిన మద్రాసు రెజిమెంటును 1941లో తిరిగి ఏర్పరచారు.

ఇంతమంది వెళ్లినా ఇళ్లలో వారి కథలు నిలవకపోవడానికి కారణాలున్నాయి. సైనికులలో చాలామందికి చదువు లేదు. ఉత్తరం రాయాలంటే మరొకరు రాయాలి, ఇంటివద్ద దానిని వేరొకరు చదివి వినిపించాలి. యుద్ధం ముగియగానే పంపివేయబడిన వారిలో అనేకులకు పింఛను లేదు. పింఛను లేనిచోట ఏటేటా చూసే కాగితమూ లేదు. మరొక కారణం చరిత్రలోనే ఉంది. 1846-47లో ఆంగ్లేయుల కంపెనీపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ సీమ వీరుడు. అదే ఆంగ్లేయుల సైన్యంలో జీతానికి చేరినవానిని స్వాతంత్ర్యానంతరం ఏమని చెప్పుకోవాలో ఇంటివారికి తోచలేదు. అతడు దేశద్రోహి కాడు, స్వాతంత్ర్య యోధుడూ కాడు. కరవు సీమలో కుటుంబాన్ని నిలుపుకోవడానికి నెల జీతం వెదుక్కున్న మనిషి. ఇటువంటి మనిషికి వీరగాథలలో చోటు దొరకలేదు.

పాలకులు సైతం అందరినీ సమానంగా గుర్తుంచుకోలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 40,000 మందికి పైగా మృతులకు అంకితమైనది. అందులో భారతీయ అధికారుల పేర్లు చెక్కించి, సామాన్య సిపాయిలను దళాలవారీగా సంఖ్యతో సరిపెట్టారు. యుద్ధమృతుల సమాధులను సంరక్షించే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో స్థాపితమైంది. మొదటి యుద్ధకాలపు మృతుల విషయంలో జరిగిన ఈ అసమానతపై ఆ సంస్థ 2021లో నివేదిక వెలువరించి క్షమాపణ చెప్పింది. ఆసియా, ఆఫ్రికా ఖండాలకు చెందిన కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని, లేదా అసలే స్మరించలేదని ఆ నివేదిక అంగీకరించింది. కాబట్టి తాత పేరు ఎక్కడా కనిపించనంత మాత్రాన ఆయన యుద్ధానికి వెళ్లలేదని తీర్మానించరాదు.

అన్వేషణ ఇంటినుంచే ఆరంభం కావాలి. పాత ట్రంకుపెట్టె అడుగున నల్లబడిన పతకం ఒకటి ఉండవచ్చు. దానిని వెండి బిళ్లగా భావించి కరిగించినవారు, అమ్మివేసినవారు ఉన్నారు. నిజానికి అది లోహంపై రాసిన చిరునామా. మొదటి యుద్ధపు పతకం అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండవ యుద్ధపు పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు చెక్కకుండానే ఇచ్చారు. భారత సైనికుల పతకాలపై మాత్రం సాధారణంగా పేరు చెక్కించారు. పతకం రకం కూడా ఆధారమే. బర్మా స్టార్ ఉంటే తూర్పు రంగం, ఆఫ్రికా స్టార్ ఉంటే ఉత్తర, తూర్పు ఆఫ్రికా రంగాలు గుర్తుకు రావాలి. డిశ్చార్జి కాగితం, మనియార్డరు రసీదు, టోపీమీద చిహ్నం కనిపించే ఛాయాచిత్రం ఇంతే విలువైనవి. వీటన్నింటిలో ముఖ్యమైనది సైనిక సంఖ్య. పేరు పదిమందికి ఉంటుంది. దళంతో కలిపి చూచిన సంఖ్య ఒక్కనిదే అవుతుంది.

పేరుతో వచ్చే చిక్కు చిన్నది కాదు. తెలుగువారి ఇంటిపేరు సైనిక పత్రాలలో పూర్తిగా ఉండకపోవచ్చు. గుమాస్తా తనకు వినిపించినట్లు ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. ఓబులేసు 'ఒబలేష్' కావచ్చు, 'హోబులేసు' కావచ్చు. అందువల్ల ఒకే పేరును అయిదారు విధాలుగా రాసి వెదకాలి. తండ్రి పేరు తెలిసి ఉంటే పని సగం సులువవుతుంది.

ఊరి చిరునామా కూడా కాలంతోపాటు మారింది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ కర్నూలు జిల్లాలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించేవరకు ఆ జిల్లా మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు తాలూకాలుండేవి. ఆళ్లగడ్డ ప్రాంతం పూర్వం సిరివెళ్ల తాలూకాలోనిది. కనుక నూరేళ్లనాటి పత్రంలో 'ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా' అని వెదకడం వృథాప్రయాస. 'సిరివెళ్ల తాలూకా, కర్నూలు జిల్లా, మద్రాసు' అని వెదకాలి. నేడు నల్లమలకు అవతలి జిల్లాలో ఉన్న గిద్దలూరు సైతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనిదే.

ఇక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది. తాత యుద్ధకాలంలో మరణించి ఉంటే కమిషన్ వారి జాబితాను అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. రెండు యుద్ధాలకు చెందిన సుమారు 17 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. రెండవ యుద్ధపు మృతులకు చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా చేర్చారు. జాబితాలో పేరున్నా సమాధి ఉండకపోవచ్చు. హిందూ, సిక్కు సైనికులకు దహనసంస్కారం చేసినచోట పేర్లు స్మారకాలపైకి ఎక్కాయి. దేహం లభించనివారి పేర్లు మయన్మార్‌లో తౌక్యాన్ వద్దనున్న రంగూన్ స్మారకంపైన, సింగపూర్‌లో క్రాంజి వద్దనున్న స్మారకంపైన వేల సంఖ్యలో ఉన్నాయి.

తాత ప్రాణాలతో తిరిగివచ్చి ఉంటే ఆ జాబితాలో ఆయన పేరుండదు. అప్పుడు ఆశ్రయించవలసినవి దళాల రికార్డు కార్యాలయాలు. మద్రాసు రెజిమెంటుకు నీలగిరులలోని వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకు బెంగళూరు, ఆయుధ సామగ్రి దళానికి సికిందరాబాదు, వైద్య దళానికి లక్నో కేంద్రాలు. దళం తెలియకుండా రాసిన ఉత్తరానికి జవాబు రావడం కష్టం. కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించడం, మాజీ సైనికునిగా తాతకు బంజరు భూమి లభించి ఉంటే పాత భూమి రికార్డులను పరిశీలించడం మరికొన్ని మార్గాలు. 1942లో సింగపూర్ పతనంతో జపానువారికి చిక్కి, తరువాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారి విషయంలో ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం ప్రధానమైన ఆధారం.

ఈ పనిలో తొందరపాటు తగదు. పేరు కలిసినంత మాత్రాన తాత దొరికినట్లు కాదు. పేరు, తండ్రి పేరు, ఊరు, దళం, కాలం అనే అయిదింటిలో కనీసం మూడైనా పొసగాలి. లేకపోతే పరాయి ఇంటి మృతుని తన ఇంటివానిగా తలచి, అసలు తాతను రెండవసారి పోగొట్టుకున్నట్లవుతుంది. ఇంట్లో చెప్పుకొన్న కథకు, పత్రంలోని సత్యానికి పొత్తు కుదరకపోవచ్చు. శత్రువులతో పోరాడినట్లు చెప్పుకొన్న తాత రోడ్లు వేసిన కూలిదళంలో ఉండి ఉండవచ్చు. అందువల్ల ఆయన గౌరవం తగ్గదు. ఆ రోడ్లు లేనిదే సేనలు కదిలేవి కావు.

ఊరంతా కలిసి గుర్తుంచుకుంటే ఫలితం ఎలా ఉంటుందో పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం చెబుతుంది. తరతరాలుగా సైన్యానికి మనుషులనిచ్చిన ఆ గ్రామాన్ని జనం 'మిలటరీ మాధవరం' అంటారు. అక్కడ యుద్ధస్మారకం ఉన్నది కనుక తాతల కథ ఒక్కొక్క ఇంటి బరువు కాలేదు. పంజాబుకు సంబంధించి లాహోరు మ్యూజియంలో భద్రపడిన పాత రిజిస్టర్లు కూడా ఇదే చెబుతున్నాయి. మొదటి యుద్ధంలో పనిచేసిన సుమారు 3,20,000 మంది వివరాలు వాటిలో ఊరివారీగా ఉన్నాయి. ఇటీవల వాటిని అంతర్జాలంలో ఉంచసాగడంతో ఇతర దేశాలలో స్థిరపడినవారు సైతం తమ పూర్వుల ఊళ్లను, పేర్లను గుర్తించగలుగుతున్నారు.

రేనాటి ఊళ్లలో ఇటువంటి పట్టికకు ఆధారాలు ఇంకా పెట్టెలలోను, తొంభై ఏళ్లు దాటిన పెద్దల జ్ఞాపకాలలోను ఉన్నాయి. పతకం అరిగిపోకముందే దాని అంచును చదివి, పెద్దల మాటను రాసి ఉంచితే రాబోయే తరానికి దారి మిగులుతుంది. మనుమడు మోస్తున్న పేరుకు ఒక ఊరు, ఒక దళం, ఒక కాలం తోడైననాడు ఆ పేరు తిరిగి ఒక మనిషిది అవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు
పటాలం : సైనిక దళం
సాపర్లు : వంతెనలు, దారులు నిర్మించే సైనికులు
క్షతగాత్రులు : గాయపడినవారు
అభిలేఖాగారం : పాత పత్రాలను భద్రపరచే చోటు
వృథాప్రయాస : ఫలితం లేని శ్రమ
పొసగు : సరిపడు, కుదురు

ప్రశ్నలు
1. యుద్ధానికి వెళ్లినవారి కథలు ఇళ్లలో నిలవకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. సైనికుని జాడ తెలుసుకోవడంలో పతకం ప్రాధాన్యాన్ని తెలపండి.
3. ఊరి చిరునామాలో వచ్చిన మార్పులు అన్వేషణను ఎలా ప్రభావితం చేస్తాయి?
4. మీ గ్రామంలో సైన్యంలో పనిచేసిన వృద్ధుని లేదా వారి కుటుంబాన్ని కలిసి, వివరాలతో ఒక వ్యాసం రాయండి.