పాల లెక్కల ఫైలు కంప్యూటరులో చేర్చేటప్పుడు

సంఘంలో తూచిన పాల లెక్క నేడు కామాలతో విడదీసిన ఫైలుగా కంప్యూటరుకు చేరుచున్నది. ఒక్కొక్క వరుసలో సభ్యుని నంబరు, పేరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఉంటాయి. సభ్యుల బిల్లు ఈ వరుసల మీదనే ఆధారపడి ఉన్నది గనుక కార్యదర్శులు కొన్ని సంగతులు గమనించవలెను.

పేరు మధ్య కామా పడితే గడులు ఒకటి పక్కకు జరుగుతాయి. తేదీ గడిలో పేరు ముక్క వచ్చి పడుతుంది, యంత్రం ఒప్పుకోదు. అటువంటి పేరును జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే సరిపోతుంది. ఇది మంచి తప్పు. తానే అరచి చెప్తుంది. చప్పుడు చేయని తప్పులతోనే చిక్కు. లీటర్లు 6.2, వెన్న 7.1 తారుమారైతే గేదె పాలకు రెండూ నమ్మదగ్గ అంకెలే. 05-06-2024 అనేది జూన్ 5 గాక మే 6గా చేరినా ఎవరికీ తెలియదు. 13వ తేదీ వచ్చాక గాని బయటపడదు. ఫైలును ఎక్సెల్‌లో తెరిచి దాచితే 0047 నంబరు 47 అయిపోతుంది.

కావున ఫైలును తిన్నగా అసలు ఖాతాలో చేర్చరాదు. మొదట తాత్కాలిక పట్టికలో అంతా అక్షరాలుగానే దించి, అక్కడ పరీక్షించవలెను. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశం మామూలుగా మొదటి తప్పు వద్దనే ఆగి మొత్తం ఫైలును వదిలేస్తుంది. 2024లో వచ్చిన 17వ వెర్షనులో, అంకె గాని తేదీ గాని సరిగా లేని వరుసను దాటిపోయే వీలు కల్పించారు. మై ఎస్.క్యు.ఎల్.లో లోకల్ పద్ధతిన చేర్చితే చాలా తప్పులు హెచ్చరికలుగా మారి పని సాగిపోతుంది. ఆ హెచ్చరికలు చదివేదెవరు?

నూజివీడు, ముసునూరు తోటల వారికి ఇది కొత్త కాదు. ఒక మచ్చకాయ కోసం లోడంతా వెనక్కి పంపరు, దానిని మంచికాయల్లో కలపరు కూడా. చెడ్డ వరుసను దాని వరుస సంఖ్యతో, కారణంతో వేరే పట్టికలో ఉంచి, అదే రోజు సంఘానికి తెలియజేయవలెను. చేరినవి, పక్కన పెట్టినవి కలిపితే సంఘం పంపిన వరుసల లెక్కకు, మొత్తం లీటర్లకు సరిపోవాలి. సరిపోకుంటే ఫైలు మొత్తాన్ని ఆపవలసినదే. తారుమారైన గడులు దొరికేది ఇక్కడే.

సంఘం నంబరు, సభ్యుని నంబరు, తేదీ, పూట కలిపి ఒకే గుర్తుగా పెడితే, అదే ఫైలు రెండుసార్లు వచ్చినా బిల్లు రెండుసార్లు పడదు. జిల్లా పేరును గుర్తులో చేర్చరాదు. ముసునూరు 2022 ఏప్రిల్ 4న కృష్ణా నుండి ఏలూరు జిల్లాకు మారినది. పాత ఫైళ్లలో పాత పేరే ఉంటుంది.